బంగారు చేపలకు అమ్మ పోసిన ఏడు

ముందే ఒప్పుకుంటాను. నేను చేపల డాక్టర్ని కాను, పశువుల డాక్టర్ని. ఉద్యోగమంతా అనంతపురం జిల్లాలోనే గడిచింది. కంబదూరులో మొదలుపెట్టి, గుత్తిలో కొన్నేళ్ళు పడి ఉండి, చివరికి ధర్మవరం చేరి అక్కడే పాతుకుపోయాను. ఈ సర్వీసులో నా కుడిచేయి ఎక్కువ కాలం గడిపిన చోటు, ఈనలేక అవస్థపడే ఆవుల కడుపు. చేపల గురించి కాలేజీలో మాకు చెప్పింది తక్కువ, మేం విన్నది ఇంకా తక్కువ.

అయినా ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలెవరైనా ఇంటికొచ్చి, "సార్, మీ అనుభవంలోంచి ఏమైనా చెప్పండి" అంటే నాకు ముందు కళ్ళముందుకొచ్చేది ఆవులూ కాదు, గొర్రెలూ కాదు. ఒక అద్దకం షెడ్డు వెనక వరసగా ఉన్న పన్నెండు సిమెంటు తొట్లు. వాటి మీద దండేనికి ఆరేసిన తడి పట్టు చిలపలు, అంటే పోగుల కట్టలు. ఆ ఎరుపూ చిలకపచ్చా నీళ్ళలో పడి, ఆ రంగుల నీడల మధ్య నిద్రలో నడిచినట్టు తిరిగే చేపలు. ఇప్పటికీ మధ్యాహ్నం కునుకు పడితే ఆ తొట్ల దగ్గరే తేలతాను.

బదిలీలు, ప్రమోషన్లు, పైవాళ్ళతో తగాదాలు ఇక్కడ రాయను. అవి అందరికీ వచ్చేవే, అందరికీ పోయేవే. నేను చేసిన తప్పులు మాత్రం నా సొంతం. వాటి సంగతి చెప్తాను.

విటమిన్‌కు కాళ్ళు

తొంభైల చివర్లో మా వైపు వాస్తు పిచ్చి పట్టుకుంది. ఈశాన్యంలో నీళ్ళుండాలన్నారెవరో. బావులు ఎండి, బోరు వేసిన చోటల్లా తెల్లదుమ్ము లేస్తున్న జిల్లాలో ఈశాన్యానికి నీళ్ళెక్కడినుంచి తేవాలి? కలిగినవాళ్ళు దారి కనిపెట్టారు. హాల్లో ఈశాన్య మూల గాజుతొట్టి పెట్టి, అందులో బంగారు చేపల్ని వదిలారు. వీధిలో ఆడవాళ్ళు ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టుకుని కూర్చుంటే, కిటికీలోంచి ఆ గాజుతొట్టి లైటు వేసుకుని మెరుస్తూ ఉండేది. నాకు కోపం రావాల్సింది. రాలేదు. నేనూ ఆ కిటికీ దగ్గర నిలబడి చూసినవాణ్ణే.

కళ్యాణదుర్గం వైపు ఒక పెద్దాయన ఉండేవాడు. వేరుశనగ రైతు, కాంట్రాక్టులూ రాజకీయమూ అదనం. ఒకరోజు ఆయన జీపు వచ్చి ఆస్పత్రి ముందు ఆగింది. "అర్జెంటు సార్" అన్నాడు డ్రైవరు. ఈనలేని గేదె అనుకుని తాళ్ళూ తొడుగులూ సంచిలో వేసుకుని పోయాను. తీరా చూస్తే హాల్లో ఈశాన్య మూల.

"ఏమప్పా డాక్టరూ, నా చేప గాజుకేసి ఒళ్ళు రుద్దుకుంటాండాది. వాస్తు చెడినాదంటాండారు ఇంట్లో. నువ్వేమంటావు?" అన్నాడు పెద్దాయన.

నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. చుట్టూ పదిమంది మనుషులు, నా మెడలో స్టెతస్కోపు. "విటమిన్ లోపం" అన్నాను.

అన్నానే గానీ మనసు ఒప్పుకోలేదు. ఆ తొట్టిలోదే, అప్పటికే చచ్చిన చేపనొకదాన్ని అడిగి తెచ్చుకున్నాను. టిఫిన్ డబ్బాలో పెట్టుకుని అనంతపురంలో మా పెద్దసారు దగ్గరికి పోయాను. రిటైరు కావడానికి దగ్గరున్న మనిషి. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆయనకు సొంత మైక్రోస్కోపు ఉండేది. కచేరీలో అందరూ ఆయన్ను చూసి నవ్వేవారు, పేడ చూసే పనికి అంత సరంజామా ఎందుకని.

ఆయన చేప ఒంటిమీద నుంచి ఏదో గీకి, గాజుపలక మీద పెట్టి, చాలాసేపు కన్ను తియ్యలేదు. తరవాత నన్ను చూడమన్నాడు. చదునుగా, గాజులా పారదర్శకంగా ఉన్న జీవం ఒకటి, రెండు నల్లటి కళ్ళతో నన్నే చూస్తూ కాళ్ళు ఆడిస్తోంది. చేప పేను.

"విటమిన్ అన్నావా? విటమిన్‌కి కాళ్ళుంటాయిటయ్యా?" అన్నాడు.

నేను మైక్రోస్కోపు మీంచి తల ఎత్తాను.

"ముందు చూడు, తరవాత మాట్లాడు. చూడకుండా చెప్పేవాణ్ణి జ్యోతిష్కుడంటారు. ఆ పనికి మనకి జీతం ఇవ్వడం లేదు. వెళ్ళి నువ్వు చెప్పింది తప్పని ఆయనకి చెప్పు."

పోయి చెప్పాను. పెద్దాయన తిడతాడనుకుంటే కడుపు పట్టుకుని నవ్వాడు. "నా చేపకు పేలా? ఇంట్లో ఆడోళ్ళకు చెప్పద్దప్పా, నన్ను పేలదువ్వెన కొనుక్కురమ్మంటారు." గొర్రెల ఒంటిమీద గోమార్లు పీకినట్టే పట్టకారుతో ఒక్కొక్కటీ పీకాను. వాస్తు బాగుపడింది.

రిటైరైన రోజు పెద్దసారు ఆ మైక్రోస్కోపు నా చేతిలో పెట్టి పోయాడు. అప్పటినుంచి పని లేని మధ్యాహ్నాలు నాకు నీటిబొట్టుతోనే గడిచేవి. బయట ఎండకు రోడ్డు మీద కుక్క కూడా ఉండదు. లోపల ఒక్క బొట్టులో ఎంత సంత. ఏవేవో తిరుగుతుంటాయి, ఒకదాన్నొకటి మింగుతుంటాయి, విడిపోయి రెండవుతుంటాయి. వానలు లేని దేశంలో పుట్టినవాడికి నీళ్ళ మీద అంత మోజు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

అంచు చేపలు

లక్ష్మీదేవమ్మ మా ఆస్పత్రికి మేకను తోలుకొచ్చింది. అలా పరిచయం. అప్పటికి ఆమెకు యాభై దగ్గర. చిన్నపిల్లగా ఉన్నప్పుడే గుంతమగ్గంలో కూర్చున్న మనిషి. ఆమె నేసిన చీరలు ఎన్ని పెళ్ళిళ్ళకు పోయాయో ఆమెకే లెక్క తెలియదు. ఆ తర్వాత వేళ్ళ కణుపులు వాచి అల్లం కొమ్ముల్లా అయ్యాయి. మగ్గంలో అటూ ఇటూ విసిరే నాడె ఆ చేతికి పట్టు దొరకడం మానేసింది. భర్త రామాంజి పట్టుకు రంగులద్దేవాడు, మాట తక్కువ మనిషి. ఇంటి వెనకే అద్దకం షెడ్డు.

మగ్గం దిగాక ఆమెకు చేపలు దొరికాయి. బెంగుళూరులో చేపల అంగడి నడిపే బంధువొకడు ఒక జత బంగారు చేపలిచ్చాడు. రంగులకు నీళ్ళు పట్టే తొట్టిలో వదిలింది. గుడ్లు పెట్టి పిల్లలు చేశాయి. ఇక్కడే ఆమె నేతపని ముందుకొచ్చింది. పిల్లల్లో తోక అంచు ఎర్రగా ఉన్నవాటిని ఏరి వేరే తొట్టిలో వేసింది. వాటి పిల్లల్లో మళ్ళీ ఏరింది. ఆరేళ్ళయ్యేసరికి ఒళ్ళు తెల్లగా, తోక పొడవుగా, తోకకు చీరంచులా నిండు ఎరుపు గీత ఉన్న చేపలు తయారయ్యాయి. ఎక్కడా పుస్తకంలో లేని చేపలు. ఆమె వాటిని 'అంచు చేపలు' అనేది. బెంగుళూరు అంగళ్ళవాళ్ళు వాటికోసం ముందే చెప్పి పెట్టుకునేవారు. ఆ ఇల్లు సగం రామాంజి పొయ్యి మీద, సగం ఈ తొట్ల మీద నడిచేది.

ఒకసారి నేను అడిగాను, చేపలే ఎందుకు పెట్టుకున్నావని.

తన చేతులు నా ముందు చాపింది. "ఈ చేతులతో ఇంగేం పని జరుగుతాది సార్? ఇంగొకరి కాడ కండెలు చుట్టనీకి కూడా వేళ్ళు వంగల్ల. చేపలకు వేళ్ళతో పనిలేదు. కండ్లుంటే చాలు. ఇవి ఉన్నంతకాలం నేను ఎవురి గడపా తొక్కేపని లేదు."

ఆ తర్వాత ఆదివారం మధ్యాహ్నాలు నాకు అక్కడే. మేకకు బాగైందా అని అడిగే మిషతో పోయేవాణ్ణి. మేక ఎప్పుడో బాగైందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. తొట్టి గట్టు మీద కూర్చుంటే టీ ఇచ్చేది. తేటయ్యేదాకా జాడించి పైన ఆరేసిన చిలపల నుంచి ఒక్కో నీటిబొట్టు గట్టు మీద రాలేది. ఎక్కడో మగ్గం చప్పుడు. చేపలు తోకలు పరుచుకుని తిరుగుతుంటే చీరలే ప్రాణమొచ్చి నీళ్ళలో దిగాయనిపించేది. కాలం అక్కడ కొంచెం నిదానంగా నడిచేది. పశువుల డాక్టరు అలా కూర్చోవచ్చునా అంటే, కూర్చోవాలి. జబ్బు లేని జీవాన్ని చూడనివాడికి జబ్బు చేసినప్పుడు ఏం తెలుస్తుంది?

అమ్మ

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో వరసగా వానలు మొహం చాటేశాయి. అందులో ఒక ఏడు మార్గశిరం వచ్చేసరికే ధర్మవరంలో ట్యాంకరు నాలుగు రోజులకొకసారి. పొద్దున చలి మాత్రం ఎముకలు కొరికేది. అప్పుడే లక్ష్మీదేవమ్మ కొత్త నెత్తురు కావాలని బెంగుళూరు నుంచి రెండు చేపలు తెప్పించి ఒక తొట్టిలో కలిపింది.

వారం తిరక్కుండా రామాంజి ఆస్పత్రికి వచ్చాడు. "సార్, చేపలకు అమ్మ పోసినాది. ఆమె మిమ్మల్ని రమ్మనింది."

పోయి చూస్తే ఆ తొట్టి నిండా వేపాకు. గట్టుకు పసుపు. ఇంట్లో తాలింపు కూడా మానేశారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు దూరంగా నిలబడి చేతులు జోడిస్తున్నారు. ఆకు పక్కకు జరిపి చూశాను. చేపల ఒంటి మీద, తోకల మీద ఉప్పు రవ్వలు చల్లినట్టు తెల్లటి చుక్కలు. అమ్మవారు పోసిన పిల్లల్ని చూసినవాళ్ళెవరైనా అదే మాట అంటారు.

"మందులు పెట్టగూడదు సార్, అమ్మకు కోపమొస్తాది. మీరు ఊరికే చూసి ఎన్నాళ్ళుంటాదో చెప్పండి" అంది లక్ష్మీదేవమ్మ.

నేను నవ్వాను. గట్టిగా కాదు, పెదవుల్లోనే. ఆ నవ్వు గురించి మీకు చెప్పాలి. చదువుకున్నవాడు అలా నవ్వాడంటే ఇంక అవతలివాళ్ళను ఏమీ అడగడు. అన్నీ తెలిసిపోయాయనుకుంటాడు. నా నష్టమంతా ఆ నవ్వులోనే మొదలైంది.

మైక్రోస్కోపు తెప్పించి, ఒక చుక్కను గీకి పలక మీద పెట్టి ఆమెను చూడమన్నాను. ఒక కన్ను మూసి, వంగి, ఊపిరి బిగపట్టి చూసింది. గుండ్రటి జీవం, ఒళ్ళంతా సన్నటి నూగు, లోపల గుర్రపులాడం లాంటి మచ్చ, తన చుట్టూ తాను తిరుగుతోంది.

"నిదానంగా పొర్లుతాండాది సార్. గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టినట్ల."

"ఇదేమ్మా నీ అమ్మ. పురుగు."

కన్ను తియ్యకుండానే అంది. "పురుగైతే మాత్రం, ఆ తల్లి పంపకుండా వచ్చినాదా?"

ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. వేపాకు ఉంటుంది, నా ఉప్పూ ఆకుపచ్చ మందూ పడతాయి. మందు సీసా చూసి రామాంజి మొదటిసారి నవ్వాడు. "ఇది మా రంగే కదా సార్." నిజమే, ఆ మందు పుట్టుకతో రంగే. కానీ బట్టకు వేసే సరుకులో చేపను చంపే లోహాలు కలిసి ఉంటాయి, నీ డబ్బాలోది ఒక్క చిటికెడు కూడా వెయ్యొద్దని గట్టిగా చెప్పాను. ఆ ఒక్కటీ సరిగ్గా చెప్పాను.

రోజూ అడుగునీళ్ళు మూడోవంతు తీసేసి కొత్త నీళ్ళు పొయ్యమన్నాను. "చుక్కలు పోయేదాకా మందు వెయ్యండి. పోయినాక ఆపేయండి" అన్నాను.

నాలుగో రోజుకు ఒక్క చుక్క లేదు. తోకలు మళ్ళీ పరుచుకున్నాయి. లక్ష్మీదేవమ్మ అమ్మవారికి పెరుగన్నం పెట్టి, నాకూ ఒక ఆకులో పెట్టింది. నేను ఛాతీ విరుచుకుని తిన్నాను.

ఆ నీళ్ళు యాడ పోసినారు

పది రోజులకు రామాంజి మళ్ళీ వచ్చాడు. ఈసారి గుమ్మం దాటి లోపలికి రాలేదు.

పన్నెండు తొట్లలోనూ చుక్కలు. మొదటిసారి ఉప్పు రవ్వలైతే, ఇప్పుడు ఉప్పులో పొర్లించినట్టుంది. కొన్ని చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి. అంచు చేపలు మూడు పక్కకు ఒరిగి తేలుతున్నాయి.

ఆ సాయంత్రం ఇంటికిపోయి చేప జబ్బుల పుస్తకంలో మొదటిసారి ఆ పాఠం చివరిదాకా చదివాను. అంతకుముందు మందు పేరు దొరకగానే మూసేసినవాణ్ణి. ఈ పురుగు చుక్కగా కనబడేటప్పుడు చేప చర్మం కింద ఉంటుంది. అక్కడ దానికి ఏ మందూ తగలదు. కడుపునిండా తిన్నాక చర్మం వదిలి అడుగుకు దిగుతుంది. మనకు చుక్క మాయమవుతుంది, మనం పండగ చేసుకుంటాం. అది అడుగున గూడు కట్టుకుని వందలుగా చీలుతుంది. ఆ పిల్లలు చేపకోసం వెతుక్కుంటూ నీళ్ళలో ఈదే కాసిన్ని గంటలే వాటిని చంపగలిగిన సమయం. అంటే కంటికి కనబడనప్పుడే మందు పని చేస్తుంది. నేను సరిగ్గా ఆ రోజే ఆపమన్నాను.

సరే, ఒక తొట్టి నాశనం నా పాపం. మిగతా పదకొండు తొట్లకు ఎలా పాకింది? మర్నాడు పోయి అడిగాను.

"అమ్మా, తీసేసిన ఆ అడుగునీళ్ళు యాడ పోసినారు?"

ఆమె నావైపు వింతగా చూసింది. "యాడ పోస్తాము సార్? అమ్మ దిగిపోయిన నీళ్ళు. మిగతా తొట్లకు తలా చెంబు పోసినాను, వాటిని కూడా చల్లగా చూడమని."

"పారబొయ్యలేదా?"

"పారబోసేదా?" అంది. "నీళ్ళా?"

ఇప్పటికీ ఆ 'నీళ్ళా' అన్న మాట నా చెవుల్లోంచి పోలేదు. ఆమె తప్పేముంది? నేనూ ఈ జిల్లాలోనే పుట్టాను. మా అమ్మ బియ్యం కడిగిన నీళ్ళు బర్రెకు పెట్టేది, స్నానం చేసిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు మళ్ళించేది. మా ఇంట్లో నీళ్ళు పారబోసిన చప్పుడు నేనెప్పుడూ వినలేదు. ఆ పుస్తకం రాసినవాడి ఊళ్ళో నది ఉండి ఉంటుంది. 'నీళ్ళు తీసెయ్యండి' అని అతను రాశాడు. నేను అక్షరం మార్చకుండా వల్లించాను. ఆ తీసిన నీళ్ళు ఎక్కడికి పోతాయని ఈ గడ్డ మీద పుట్టినవాడికి కూడా తోచలేదు.

నా తప్పు ఉన్నదున్నట్టు చెప్పాను. మందు ఆపమనడం తప్పు, నీళ్ళ సంగతి అడగకపోవడం తప్పు. చెప్పి తల వంచుకున్నాను.

లక్ష్మీదేవమ్మ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"చుక్కలు పోతే ఆపమంటిరి సార్. మనిషికి అమ్మ పోసినప్పుడు చుక్కలు మాడినాయని మొదటి నీళ్ళకే వదిలేస్తామా? మూడు నీళ్ళు పొయ్యల్ల. మూడో నీళ్ళు పోసేదాక పిల్లోన్ని గడప దాటనియ్యము. నాకు తెలుసు ఆ సంగతి. పెద్ద సదువు సదివినోళ్ళు చెప్పినారు కదా అని మీ మాట విని ఒక్క నీళ్ళకే వదిలేస్తి." తన వేళ్ళు చూసుకుంది. "ఇప్పుడు ఇవి పోతే నేనేం చెయ్యల్ల చెప్పండి. ఈ చేతులతో ఎవురింటికి పోవల్ల?"

చుక్క పోయినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు, ఇంకా కొన్నాళ్ళు కాచుకోవాలి. పుస్తకం చివరి పేజీలో ఉన్నది ఇదే. ఆమె ఆచారంలో ఉన్నదీ ఇదే. నేను రెండూ చదవలేదు.

మూడు నీళ్ళు

కలిసి ఒక దారి వేశాం. ఆ పురుగుకు రెండు పడవు, వేడి, పొడి. చేపల్ని రోజూ ఒక తొట్టిలోంచి శుభ్రమైన ఇంకో తొట్టిలోకి మార్చాలి. అడుగున రాలిన పురుగులు పాత తొట్టిలోనే ఉండిపోతాయి. ఆ తొట్టిని తుడిచి, మూడు రోజులు ఎండలో మాడ్చాలి. వల, చెంబు, చేతులు, ఏవీ ఒక తొట్టిలోవి ఇంకో తొట్టిలో పెట్టకూడదు. చేపలు పోతూ ఖాళీ అవుతున్న తొట్లకు కొదవ లేదు, ఎండకు అసలే లేదు. నీళ్ళకే వచ్చింది తిప్పలు. రోజుకో తొట్టెడు కొత్త నీళ్ళు ధర్మవరంలో ఎవడిస్తాడు?

అంతసేపూ గోడకానుకుని ఉన్న రామాంజి అప్పుడు నోరు విప్పాడు.

"ఆ నీళ్ళనే మరగబెడితే పురుగు చస్తాదా సార్?"

"చస్తాది."

"అయితే పారబొయ్యనక్కరలేదు. నీళ్ళు మరగబెట్టేదే నా పని కదా. ఆ పొయ్యి కాడనే ముప్పై ఏండ్లుగా నిలబడుకోనుండాను."

రంగు గిన్నెలు వాడొద్దన్నాను. పెళ్ళిళ్ళకు వంటలు చేసేవాళ్ళ దగ్గర పెద్ద గుండిగ అడిగి తెచ్చాడు. ఆ తర్వాత మూడు వారాలు ఆ షెడ్డులో జరిగింది తలుచుకుంటే నిజంగా జరిగిందా, కలగన్నానా అనిపిస్తుంది. పొద్దున్నే నీళ్ళు కుతకుతలాడేవి. ఆవిరి పైకి లేచి చిలపల్లోంచి పాకేది, రంగులన్నీ మసకబారేవి. ఆ ఆవిరిలో రామాంజి రూపం కనబడీ కనబడకుండా తిరిగేది. మరిగిన నీళ్ళలో గాలి ఉండదు, చేపకు ఊపిరాడదు. అందుకని చల్లారాక లక్ష్మీదేవమ్మ గట్టు మీద నిలబడి, చెంబు రెండు అరచేతుల మధ్య పట్టుకుని ఎత్తునుంచి ధార కట్టి పోసేది. ఆ వేళ్ళకు చెంబు ఎంత బరువో నాకు తెలుసు. నేను పోస్తానంటే ఇచ్చేది కాదు. ఖాళీ తొట్లు ఎండలో తెల్లగా పగుళ్ళిచ్చి పడి ఉండేవి. పైరును మాడ్చి, బావుల్ని తాగేసిన ఎండ అది. ఆ ఏడు దాని పుణ్యాన జరిగిన మంచి నేను చూసినంతలో అదొక్కటే.

మొదటి వారం చావులే. మిగిలిన తొట్లవి ముందే పోయాయి, చివరికి పదకొండు అంచు చేపలు ఒకే తొట్టిలో చేరాయి. పదకొండు ఐదయ్యాయి. చచ్చినవాటిని ఆమె వేపచెట్టు కింద పాతిపెట్టేది, ఒక్కోదానికి ఒక్కో గుంత. నేను ఆస్పత్రి ముగించుకుని రోజూ పోయేవాణ్ణి. పోవాలనిపించేది కాదు. పోకుండా ఉండలేకపోయేవాణ్ణి.

చివరికి రెండు మిగిలాయి.

ఆ రెండింటి మీదా ఒకరోజు చుక్కలు లేవు. ముగ్గురం చూశాం. ఈసారి పెరుగన్నం మాట ఎవరూ ఎత్తలేదు. ఆమె పసుపు కలిపిన ఒక చెంబు నీళ్ళు తొట్టి బయట గట్టు మీద మాత్రమే చిలకరించి "మొదటి నీళ్ళు" అంది. తొట్లు మార్చడం ఆపలేదు, మందు ఆపలేదు. నాలుగు రోజులకు రెండో నీళ్ళు. ఇంకో నాలుగు రోజులకు మూడో నీళ్ళు. నేను మొప్ప దగ్గర గీకి, పలక మీద పెట్టి, వెతికి వెతికి చూశాను. పొర్లుదండాలు పెట్టేవాళ్ళెవరూ కనబడలేదు.

"పోయినాదమ్మా" అన్నాను.

ఆమె మొహం వెలగలేదు. "రెండే కదా సార్ మిగిలినాది. రెండూ ఆడవే అయితే? రెండూ మొగవే అయితే?"

చలికాలంలో బంగారు చేపను చూసి ఆడా మగా చెప్పడం నాకు చేతకాదు, ఆమెకూ కుదరదు. వేరే చేపతో కలిపితే పిల్లలొస్తాయి, కానీ ఆ అంచు పలచబడిపోతుంది. మళ్ళీ ఆరేళ్ళు ఏరుకోవాలి. ఆరేళ్ళు ఆమె ఏం తినాలి? "ఎండలు రానీమ్మా, చూద్దాం" అన్నాను. ఆ మాటకు ఏమీ అర్థం లేదని ఇద్దరికీ తెలుసు.

బుగ్గచుక్క

ఆ తర్వాత కొన్ని వారాలు నేను ఆ వీధి వైపు పోలేదు. గొర్రెలకు టీకాలున్నాయని నాకు నేనే చెప్పుకున్నాను. పిల్లలూ, ఈ ఉద్యోగంలో టీకాలు ఎప్పుడూ ఉంటాయి. మనం చెడగొట్టిన ఇంటికి మళ్ళీ పోకుండా ఉండటానికి అవి చాలా బాగా పనికొస్తాయి. అలా చెయ్యకండి.

శివరాత్రి పోయాక ఒక మధ్యాహ్నం కాళ్ళే తీసుకుపోయాయి. లక్ష్మీదేవమ్మ తొట్టి గట్టు మీద కూర్చుని నీళ్ళలోకి చూస్తోంది. పైన నెమలికంఠం రంగు చిలపలు. నీళ్ళలో నాచు పోగులు వేలాడదీసి ఉన్నాయి. నేను వంగి చూశాను. తేట నీళ్ళలో ఒక చేప నిదానంగా ఇటు తిరిగింది.

దాని చెంప మీద తెల్లటి చుక్కలు.

మూడు వారాల పొయ్యి, ఆ చెంబులు, ఆ గుంతలు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. సంచి విప్పి మందు సీసా కోసం తడుముతుంటే ఆమె తన చేతిని తొట్టికి అడ్డం పెట్టింది.

"ముందు చూడండి సార్. తర్వాత మాట్లాడుదురు."

మా పెద్దసారు మాట. ఎప్పుడో ఆ గట్టు మీద టీ తాగుతూ నేనే ఆమెకు చెప్పి ఉంటాను.

చూశాను. చుక్కలు ఒళ్ళంతా లేవు, తోక మీద లేవు. చెంపల మీద మాత్రమే ఉన్నాయి, ముందు రెక్క అంచున ఒక వరస, ఎవరో సూదితో పెట్టినట్టు.

"అమ్మ పోస్తే ఒళ్ళంతా పోస్తాది. ఇది సూడండి, చెంపకు మాత్రమే ఉండాది. పెండ్లికొడుక్కి బుగ్గచుక్క పెట్టినట్ల. ఎండలు మొదులయ్యేటప్పుడు మొగదానికి వస్తాది సార్. ఆరేండ్లుగా సూస్తాండాను."

"ఇంకోదానికి?" అన్నాను.

ఆమె వాచిన వేలితో నాచు పోగుల వెనక్కి చూపించింది. రెండో చేప మెల్లగా బయటికి వచ్చింది. చెంపలు నున్నగా ఉన్నాయి, పొట్ట గుడ్లతో ఒకపక్కకు నిండుగా ఉబ్బి ఉంది.

"దానికి లేదు" అంది లక్ష్మీదేవమ్మ. "పది దినాల నుంచి సూస్తాండాను, మీరు ఎప్పుడొస్తారా అని."

బుగ్గచుక్క పెట్టుకున్నది తోక పరుచుకుని దాని వెంటపడింది. నేను సంచి మూసి గట్టు మీద కూర్చున్నాను. ఆమె టీకి లేచింది. ఆ మధ్యాహ్నం అక్కడ డాక్టరు చెయ్యాల్సిన పని ఏమీ లేదు.